పిడుగుకు బదులు మనిషి

ఆ జిల్లాలో పిడుగు ఎవరి మీద పడబోతోందో నలభై నిమిషాల ముందుగా, ఇంటిపేరుతో సహా తెలియజేసే ఏర్పాటు మూడేళ్లుగా సక్రమంగా నడుస్తోంది. మొదటి ఏడాది కొంత గందరగోళం జరిగిన మాట నిజమే. తరవాత జనం అలవాటు పడ్డారు. కరెంటు పోయే వేళ తెలిస్తే పిండి ముందే రుబ్బుకున్నట్టు, దీనికి తగిన పనులు కూడా ముందే చూసుకుంటున్నారు.

పని జరిగే తీరు కష్టమైనదేమీ కాదు. ఉపగ్రహం పావుగంటకోసారి పైనుంచి మేఘాల ఫోటో తీసి పంపుతుంది. మేఘం తల ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తుకు ఎదిగిందని లెక్క. కొండల మీద తెల్లగా బొడిపెలా కనిపించిన మేఘం రెండు ఫోటోలు దాటేసరికి గొడుగులా విచ్చుకుంటే, పిడుగు సూచన కేంద్రంలో దానివైపు రాడార్ తిప్పుతారు. రాడార్ తరంగం వెళ్లి మేఘంలోని నీటిబొట్లకూ వడగళ్లకూ తగిలి వెనక్కి వస్తుంది. తెర మీద పలచటి వాన ఆకుపచ్చగా, జోరు వాన పసుపుపచ్చగా, అంతకు మించినది ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు మధ్యలో వంకాయరంగు చుక్క పడితే పేరు వస్తుంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, మనిషి ఉన్న చోటు, పిడుగు పడే నిమిషం. రాడార్‌కి పేర్లు ఎలా తెలుస్తాయని మొదట్లో ఒక పత్రికవాళ్లు అడిగారు. తరంగం పోయే దారిలో ఏ హాజరు పట్టీ తెరిచి ఉంటే అందులోంచి తీసుకుంటుందని కేంద్రం జవాబిచ్చింది. ఆ జవాబుతో అందరూ తృప్తిపడ్డారు.

మొదటి ఏడాది పేరు వచ్చినవాళ్లు పరుగెత్తేవారు. పిడుగు మాత్రం చెప్పిన నిమిషానికి, చెప్పిన చోటే పడేది. అక్కడ ఆ మనిషి లేకపోతే దగ్గరలో ఉన్న ఇంకొకరిని చూసుకునేది. ఒక గొర్రెల కాపరి పరుగెత్తి బతికితే, పక్క మడిలో గట్టు వేసుకుంటున్న అన్నదమ్ములిద్దరూ పోయారు. ఇలాంటివి పదహారు జరిగాక కేంద్రానికి పైనుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. మనుషులు పోవడం గురించి అందులో ఏమీ లేదు. చెప్పిన పేరుకూ పోయిన పేరుకూ పొంతన కుదరడం లేదని, కేంద్రం జోస్యం నూటికి ముప్పైపాళ్లు తప్పుతోందని ఉంది.

అందుకని నియమం పెట్టారు. పేరు వచ్చిన వ్యక్తి చెప్పిన చోటు వదలకూడదు. దీని అమలుకు పోలీసులు అవసరం కాలేదు. ఆ మనిషి పరుగెత్తితే తమ మీద పడుతుందని తెలిసిన పక్కవాళ్లే చేతులు పట్టుకుని, మర్యాదగా కూర్చోబెట్టేవారు. మంచినీళ్లు ఇచ్చేవారు. ఏడ్చే మనిషైతే కాసేపు విసనకర్రతో విసిరేవారు. రెండో ఏడాదికి జోస్యం నూటికి తొంభైఆరు వంతులు నిజమైంది. కేంద్రానికి ప్రశంసాపత్రం వచ్చింది.

నలభై నిమిషాలను కేంద్రం జాగ్రత్తగా పంచింది. సందేశం చేరడానికి ఐదు. ధ్రువీకరణ సహాయకుడు బండి మీద వచ్చి సంతకం తీసుకోవడానికి పది. మిగిలిన పాతికా వీడ్కోలుకు. అయితే చివరి రెండు నిమిషాలు మిగతావాళ్లు ముప్పై గజాల దూరం జరగాలి కాబట్టి వీడ్కోలు నిజానికి ఇరవైమూడు నిమిషాలే. ఆ ఇరవైమూడు నిమిషాల్లో మనుషులు ఏం మాట్లాడుకున్నారో సహాయకుడు పుస్తకంలో రాయాలి. పుస్తకాలు తిరగేస్తే పెద్ద మాటలు ఎక్కడా కనిపించవు. గేదెకు కుడితి పెట్టలేదని చెప్తారు. తాళం చెవి చూరులో ఎటువైపు దోపారో చెప్తారు. చాలామందికి పదో నిమిషానికే మాటలు అయిపోతాయి. ఇంకా ఎంతసేపు ఉందని అడుగుతారు. ఒకావిడ మొగుడి చొక్కాకు బొత్తాం ఊడిందని అక్కడే కూర్చుని కుట్టింది. ఆ వేళప్పుడు ఆవిడ దగ్గర సూది ఎందుకుందో రాయలేదు.

ఇక ఆ జిల్లాలో ఒక అలవాటు ఉంది. కరువు పనికి ఒకరి కార్డు మీద ఇంకొకరు పోవడం. ఒంట్లో బాగోకపోయినా, చుట్టాలొచ్చినా, ఆసుపత్రికి పోవాల్సి వచ్చినా పని పోగొట్టుకోకూడదని ఇంట్లోంచి ఎవరో ఒకరు ఆ పేరున వెళ్తారు. పని చూసే మేట్ ఫోన్లో పేరు పక్కన గుర్తు పెట్టి, గుంపును నిలబెట్టి ఫోటో తీస్తాడు. ఫోటోలో అందరి నెత్తినా తువ్వాలు, అందరి ముఖానా ఎండ. తలలు సరిపోతే చాలు. దీన్ని మోసమని ఎవరూ అనుకోరు. బదులు పోవడం అంటారు.

మే నెల పందొమ్మిదో తేదీన తాళ్లగూడలో దుప్పల ఎర్రమ్మకు జ్వరం వచ్చింది. ఆవిడ బదులు అక్క సీపాన పారమ్మ వెళ్లింది. పారమ్మకు యాభైఆరేళ్లు. మొగుడు పోయి పదేళ్లు దాటింది. చెల్లెలి ఇంటి పక్కనే ఒక గదిలో ఉంటుంది. ఆమె సొంత కార్డుకు ఆ ఏడాది పనిదినాలు అప్పటికే అయిపోయాయి. కొండవాలులో వాననీళ్లు ఆగడానికి కందకాలు తవ్వే పని అది. పారమ్మ పద్నాలుగో కందకంలో దిగి గునపం పట్టుకుంది. మేట్ సింహాచలం ఎర్రమ్మ పేరు పక్కన గుర్తు పెట్టాడు.

మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకు పారమ్మ రొంటిన ఉన్న బొత్తాల ఫోను మోగింది. ఆమెకు చదువు రాదు. ఫోను తీసి గట్టు మీద ఉన్న సింహాచలానికి ఇచ్చింది. అతను అప్పటికే తన ఫోన్లో వచ్చింది చూసి నిలబడి ఉన్నాడు.

"ఏటొచ్చింది, సదువు," అంది.

"నీ సెల్లి పేరొచ్చిందత్తా. మూడూ యాభైరెండుకి. సుట్టానివని నీకు తెలియపర్సినారు."

"అది ఇంటికాడ పడుకునుంది గదా."

"పేరిక్కడుంది."

పారమ్మ గునపం పక్కన పెట్టింది. కొండ వెనక మేఘం అప్పటికి అడుగున నల్లగా, పైన సున్నం కొట్టినట్టుగా ఉంది. గాలి ఆగిపోయింది. గుర్తు చెరిపెయ్యడానికి వీలుందా అని ఆమె అడిగింది. రాడార్ ఒకసారి పేరు తీసుకున్నాక పట్టీ బిగిసిపోతుందని సింహాచలం చెప్పాడు. వచ్చింది బదులు మనిషని నిజం చెప్పేస్తే ఏమవుతుందని అడిగింది. అప్పుడు ఏడో నియమం ప్రకారం అసలు మనిషిని ఇంటి దగ్గరనుంచి బండి మీద ఎక్కించుకొచ్చి ఇక్కడ కూర్చోబెడతారని చెప్పాడు.

"జొరంతోనా?"

"జొరానికి వేరే రూలేటీ లేదత్తా."

పారమ్మ తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుంది. "అయితే నానే ఎర్రమ్మని," అంది. "నీకేటీ తెలీదు." గుంపులో ఇంకా ఏడుగురు ఆడవాళ్లున్నారు. ఎవరూ కాదనలేదు. కాదంటే ఎర్రమ్మను తేవాలి. తేవడం ఆలస్యమైతే పిడుగు దగ్గరున్న మనిషిని చూసుకుంటుంది. పక్క కందకంలో పనిచేసే ఆవిడ మాత్రం, "దానితో తగువాడని రోజు లేదు గదే నీకు, ఇప్పుడు దాని పేరే పెట్టుకున్నావా," అంది. పారమ్మ నవ్వింది.

ధ్రువీకరణ సహాయకుడు ఉమాపతి మూడుంపావు దాటాక వచ్చాడు. నెమ్మదస్తుడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. ఎవరి మీదా గొంతు పెంచడని పేరు. కందకం గట్టున గొంతుక్కూర్చుని పేరు అడిగాడు. ఎర్రమ్మ అని చెప్పింది. వయసు అడిగాడు. నలభైమూడు అని చెప్పింది. అతను తువ్వాలు కింద తెల్లజుట్టు వైపు చూసి నలభైమూడు అని రాశాడు. ఎండలో పనిచేసేవాళ్ల వయసు ముఖాన్ని బట్టి అంచనా వేయకూడదని శిక్షణలో చెప్పారు. వేలిముద్ర యంత్రం మూడుసార్లూ ఎర్రదీపం చూపించింది. మట్టిపని చేసేవాళ్ల వేళ్ల మీద గీతలు మిగలవు కాబట్టి, మూడుసార్లు కుదరకపోతే కుదిరినట్టే భావించాలని నియమం ఉంది. ఉమాపతి అలాగే భావించాడు.

బంధువుల వరసలో భర్త తవుడు, అక్క పారమ్మ పేర్లున్నాయి. అక్కకు సందేశం చేరిందని, ఆవిడ వస్తారా అని అడిగాడు. "మాయప్ప రాదు బాబూ," అంది పారమ్మ. "మాకు మాటల్లేవు."

కానీ అదే సందేశం తవుడికి కూడా వెళ్లింది. అతను కిళ్లీ కొట్టు దగ్గరనుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చి, నులకమంచం మీద ఉన్న భార్యను చూసి, విషయం అర్థం చేసుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాడు. ఎర్రమ్మ దుప్పటి కప్పుకునే బయలుదేరింది. మూడు ముప్పైఆరుకు కొండవాలు కింద కనిపించింది. అక్కడినుంచే అక్కను "అప్పా" అని కేక వేసింది.

ఉమాపతి తలెత్తి, ఆవిడ ఎవరని అడిగాడు.

"మాయప్పే," అంది పారమ్మ. "నన్నే కేకేత్తంది. సిన్నప్పుట్నించీ మేం ఒకలినొకలం అప్పా అనుకుంటాం."

ఎర్రమ్మ గట్టు ఎక్కి వచ్చింది, వెనకే తవుడు. వణుకుతోంది. "బాబూ, ఎర్రమ్మని నాను," అంది. "ఇది నా బదులొచ్చింది. దీన్ని లెగమను."

ఉమాపతి తవుడి వైపు తిరిగి, ఈవిడ మీకేమవుతారని అడిగాడు. తవుడు ఇద్దరినీ చూశాడు. ఎర్రమ్మతో పెళ్లయి పాతికేళ్లు. వదిన చేతి వంట తినని వారం లేదు. అతనికి ఆలోచించుకోవడానికి వీడ్కోలు సమయంలోంచే ఒక నిమిషం పోయింది.

"మా వొదిన," అన్నాడు, పెళ్లాన్ని చూపించి. ఉమాపతి కాగితం చాపితే సంతకం కూడా చేశాడు.

అయినా ఎర్రమ్మ ఒప్పుకోలేదు. ఉమాపతి న్యాయంగా ఆవిడ వేలు కూడా యంత్రం మీద పెట్టించాడు. అదీ మూడుసార్లు కుదరలేదు, కాబట్టి అదీ కుదిరినట్టే. ఒక పేరుకు ఇద్దరు మనుషులు తేలారు. ఇలాంటిది అంతకుముందు రాలేదు. అతను కేంద్రానికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఇద్దరినీ కూర్చోబెడితే ఒక జోస్యానికి రెండు ప్రాణాలు పోయి, శాతం లెక్క చెడుతుందని వాళ్లు చెప్పారు. ముందు ఎవరి వేలిముద్ర కుదిరితే వాళ్లే ఆ మనిషి. ఉమాపతి ఆ మాట ఇద్దరికీ వివరంగా చెప్పాడు. ఎర్రమ్మను ఇకమీద పారమ్మగా రాస్తున్నానని, వీడ్కోలుకు ఇంకా పదకొండు నిమిషాలు ఉందని, మాట్లాడేది రికార్డవుతుంది కాబట్టి వరసలు తప్పకుండా మాట్లాడమని కోరాడు. వరసలు తప్పితే కాగితాలు తిరిగొస్తాయి. తిరిగొస్తే అసలు మనిషి ఎవరో విచారణ జరిగేదాకా ఇద్దరూ ఇక్కడే ఉండాలి.

తల్లి పోయినప్పుడు ఎర్రమ్మకు మూడేళ్లు. పెంచింది పారమ్మే. ఇప్పుడు తను పెంచిన చెల్లెల్ని పారమ్మ అప్పా అని పిలవాలి.

"అప్పా," అంది పారమ్మ.

ఎర్రమ్మ, పిలిచింది తనను కాదన్నట్టు, పారమ్మనే చూసింది.

"అప్పా, నిన్నే. బేగి పలుకు, టయిం లేదు."

"ఏటి," అంది ఎర్రమ్మ. కొంచెం ఆగి, "ఏటి సెల్లీ," అంది.

"నూకల జావ కాసుకో. జొరం దిగేదాకా సన్నీళ్లలో సెయ్యెట్టకు. మాత్రలు ఒట్టి కడుపున మింగకు."

"ఊఁ."

"నా గదిలో దుప్పటుంది, కప్పుకో. దాసి ఏటి సేత్తాం."

ఉమాపతి కలం ఆగింది. ఎర్రమ్మ గదిలో అని రాయాలో, పారమ్మ గదిలో అని రాయాలో, ఎవరి గది అన్నది అతనికి స్పష్టం కాలేదు. దుప్పటి గురించి మాట్లాడుకున్నారని రాశాడు.

దూరంగా మొదటి ఉరుము వినిపించింది. అప్పుడు ఎర్రమ్మ, తను అక్క అయినట్టుగా, అక్క తరఫు జ్ఞాపకాలు మొదలుపెట్టింది. "నిన్ను ఈపున కట్టుకోని సంతకెల్లినాను. దారిలో ఆకలని నువ్వు ఏడిసినావు. నా ముద్ద నీకెట్టీసి, నాకు ఆకలి లేదని అబద్దమాడినాను." దుప్పటి దగ్గరికి లాక్కుంది. "నీకు తెల్సు. తెల్సే తిన్నావు."

"సిన్నగుంట, దానికేటి తెలుస్తాదే," అంది పారమ్మ.

ఉమాపతి తలెత్తాడు.

"నాకేటి తెలుస్తాదప్పా, అప్పుడు," అని పారమ్మ సరిచేసుకుంది. "సిన్నదాన్ని గదా."

అక్కచెల్లెళ్లు తిండి గురించి మాట్లాడుకున్నారని ఉమాపతి రాశాడు. మూడూ యాభై అయింది. అందరినీ దూరం జరగమన్నాడు. తవుడు ఎర్రమ్మను చంకల కింద పట్టుకుని తీసుకుపోయాడు. పారమ్మ కందకంలో కూర్చుని, కాళ్లు ముడుచుకుని, ఎటో చూస్తూ ఉంది. గునపం దగ్గర పెట్టుకోవద్దని ఉమాపతి దూరంనుంచి చెప్పాడు. అది అతని సొంత సలహా. నియమాల్లో లేదు. చెప్పిన నిమిషానికే పిడుగు పడింది.

జోస్యం నిజమైందని ఆ సాయంత్రం కేంద్రం నమోదు చేసుకుంది. మరణించిన వ్యక్తి దుప్పల ఎర్రమ్మ, భర్త తవుడు, వయసు నలభైమూడు. కాగితాలు అలా ఉన్నాయి కాబట్టి తవుడు వదినకు, తన భార్య అన్నట్టుగా, తలకొరివి పెట్టాడు. పదకొండో రోజు వచ్చినవాళ్లు పారమ్మ కోసం ఏడ్చారు. గ్రామ సచివాలయం ఉద్యోగి ధ్రువపత్రం ఇవ్వడానికి వచ్చినప్పుడు మాత్రం కాసేపు ఎర్రమ్మ పేరున ఏడ్చారు. ఎర్రమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ రెండు ఏడుపులూ వింది.

ఎర్రమ్మ పేరు ఓటర్ల జాబితాలోంచీ రేషన్ కార్డులోంచీ తీసేశారు. ఇక ఆవిడ పారమ్మగా ఉండాలి. పారమ్మ విధవరాలు కాబట్టి కొత్త ఫోటోకు గాజులు, బొట్టు ఉండకూడదన్నారు. ఫోటో తీసినంతసేపూ తవుడు సచివాలయం బయట ఆవిడ గాజులు చొక్కా జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. కానీ కంటిపాప చూసే యంత్రం ఒప్పుకోలేదు. పారమ్మ పేరు కొట్టి కన్ను పెడితే ఇది ఎర్రమ్మ కన్ను అంది. ఎర్రమ్మ పేరు కొడితే మరణించారు అంది. దాంతో పారమ్మ పేరు కూడా ఆగిపోయింది.

"మరి నానెవుర్ని తల్లీ?" అని ఎర్రమ్మ యంత్రం దగ్గర కూర్చున్న అమ్మాయిని అడిగింది.

"అది మా దగ్గర తేలేది కాదమ్మా," అంది ఆ అమ్మాయి దయగా. "పైకి రాస్తాను."

పైకి రాసింది తిరిగి తిరిగి డిసెంబరులో ఉమాపతి దగ్గరికి విచారణకు వచ్చింది. పిడుగుల కాలం కాదు కాబట్టి అతనికి తీరిక ఉంది. తాళ్లగూడ వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. జరిగింది మొత్తం ఎర్రమ్మ చేత చెప్పించుకుని రాసుకున్నాడు.

"ఆ రోజు నీకు తెలీదా బాబూ?" అని అడిగింది ఎర్రమ్మ.

"తెలుసమ్మా. తెలిసిందని రాయడానికి కాగితంలో చోటు లేదు," అన్నాడు.

విచారణ జిల్లా అంతా జరిగింది. కార్డులు మార్చుకునే అలవాటు వల్ల, రికార్డులో చనిపోయి మామూలుగా బతుకుతున్నవాళ్లు ఎర్రమ్మతో కలిపి పన్నెండుమంది తేలారు. కేంద్రం ఎవరి మీదా చర్య తీసుకోలేదు. ఆ ఏడాది పైనుంచి రెండు లక్ష్యాలు వచ్చాయి. జోస్యం నూటికి నూరు నిజం కావాలి. పిడుగుపాటు మరణాలు సున్నా కావాలి. రెండూ ఒకేసారి ఎలా సాధ్యమని కేంద్రంలో మూడు సమావేశాలు జరిగాయి. మూడో సమావేశంలో ఉమాపతి లేచి, తన విచారణలో తేలిన పన్నెండుమంది సంగతి చెప్పాడు. పేరు వచ్చిన వ్యక్తి బదులు వాళ్లలో ఒకరు కూర్చుంటే, చెప్పిన పేరు మీద చెప్పిన చోట పిడుగు పడుతుంది. చనిపోయినవాళ్లు మళ్లీ చనిపోయినట్టు రాసే పద్ధతి లేదు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. జిల్లాలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే కాబట్టి ప్రజలకు కొత్తగా అనిపించదని కూడా ఒకరు అన్నారు.

ఏప్రిల్ చివర మొదటి పేరు ఒక బాలింతది వచ్చింది. ఇరవై రోజుల బిడ్డ. ఆ పన్నెండుమంది జాబితాలో మొదటి మనిషి తనంతట తనే లేచి వెళ్లాడు. ఎవరూ కాదనలేకపోయారు. రెండోసారి ఒక బడిపంతులుది. తరవాత ఒక కాంట్రాక్టరుది. అప్పటికి అలవాటైపోయింది. మే నెల ఆరో తేదీన, ఎరుపు మధ్యలో పడిన చుక్కలోంచి రైసుమిల్లు యజమాని వరహాలరావు పేరు వచ్చింది. మిల్లు హాజరు పుస్తకంలో మొదటి పేరు అతనిదే. జాబితాలో వరస ఎర్రమ్మది.

ఉమాపతి బండి ఆపి గుమ్మంలో నిలబడ్డాడు. ఇందులో బలవంతం ఏమీ లేదని ముందే చెప్పాడు. ఎర్రమ్మ వంకాయలు తరుగుతోంది. తవుడు అడ్డం వచ్చాడు.

"నా పెళ్లాం. పంపను," అన్నాడు.

ఉమాపతి సంచిలోంచి దస్త్రం తీసి, తవుడు సంతకం చేసిన కాగితం చూపించాడు. తవుడికి చదవడం వచ్చు. అందులో తన భార్య పోయినట్టు ఉంది. ఈవిడ వదిన అని ఉంది. వదిన పేరు కూడా ఆగిపోయినట్టు కింద ఎర్ర సిరాతో ఉంది. "మీకేమవుతారో చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు ఉమాపతి. నిజంగానే కలం తీశాడు. తవుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

ఎర్రమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. "నాను రానంటే ఎవుర్ని తీసుకెల్తావు?"

"తరవాతి మనిషిని. కొత్తపేటలో ముసలాయన ఉన్నాడు."

"ఎవురైనా ఉన్నారా ఆయనకి?"

"మనవరాలుంది. ఆ పిల్లకి ఆయనే."

ఎర్రమ్మ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. తవుడి దగ్గరికి వచ్చి నిలబడింది. "ఇరవైమూడు నిమిసాలు ఇస్తారు గదా బాబూ," అంది. "ఇక్కడే మాట్లాడుకుంటాం. రాసుకుంటే రాసుకో."

ఉమాపతికి ఇబ్బందిగా అనిపించింది. "మీది అయిపోయిందమ్మా," అన్నాడు. "పోయినేడాది మే పందొమ్మిదిన ఇచ్చాం. కందకం దగ్గర మాట్లాడింది మీ పేరు మీదే ఉంది."

ఎర్రమ్మ ఆ లెక్క సరిగ్గానే ఉందన్నట్టు తల ఊపింది. తరిగిన ముక్కలు నీళ్లలో వేసింది, నల్లబడకుండా. బండి వెనక ఎక్కి కూర్చుంది. తవుడు వీధి చివరిదాకా బండి పక్కనే నడిచాడు. తరవాత బండి వేగం అందుకుంది.

మిల్లు ముందు ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు మీద, వరహాలరావు రోజూ నిలబడే చోట, సుద్దతో గుండ్రంగా గీత గీసి ఉంది. ఇంటివాళ్లు వసారాలో నిలబడ్డారు. మర్యాదస్తులు. వరహాలరావు భార్య మజ్జిగ పంపింది, గచ్చు వేడిగా ఉందని కుర్చీ కూడా పంపింది. అది ఇనప కుర్చీ అని ఉమాపతి వెనక్కి పంపించేశాడు. గోనెసంచి పరిచారు. ఎర్రమ్మ దాని మీద కూర్చుంది. గాలి లేచి వరిపొట్టు కళ్లలో పడుతుంటే కొంగు అడ్డం పెట్టుకుంది.

చివరి రెండు నిమిషాలకు ఉమాపతి ముప్పై గజాలు వెనక్కి వచ్చాడు. అప్పుడు ఎర్రమ్మ పెదాలు కదిలాయి. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, మధ్యమధ్య ఆగి జవాబు విన్నట్టు, ఆ రెండు నిమిషాలూ మాట్లాడింది. అతని చేతిలో పుస్తకం లేదు. రాసే పని లేనప్పుడు వినడం అతనికి అలవాటు లేదు. గడియారం చూసుకున్నాడు.

ఆ సంవత్సరం జిల్లాలో పిడుగు జోస్యం నూటికి నూరుపాళ్లు నిజమైంది. ఒక్క మరణం కూడా నమోదు కాలేదు. ఆరో తేదీ సాయంత్రం మాత్రం చాలా మంచి వాన కురిసింది. నేల లోతుదాకా పదునెక్కింది. మర్నాడు పొద్దున్నే అందరూ దుక్కులకు వెళ్లారు.